గంగి దూడ ఎక్కడ?

ఇలా దగ్గరికి జరగండి. ఆ కుర్చీలు అక్కడే వదిలేసి నా మంచం పట్టె మీదనే కూర్చోండి, ఏం కాదు. ఈ వారం చెప్పేది గొంతెత్తి చెప్పే సంగతి కాదు. మా కొట్టంలో జరిగింది, మా ఇంటి పరువు అందులో ఉంది. అయినా చెబుతాను. మా ఇంట్లో వాళ్లు నోరు మూసుకున్నందువల్లే ఒక ఆడపిల్ల కడుపు మీదికి వచ్చింది కాబట్టి, నేను నోరు తెరవక తప్పదు.

పోయిన వారం ఎక్కడ ఆపాను? చేవెళ్లలో మా చిన్నబిడ్డ కాన్పుకని పోయినదాన్ని, దసరా అయి, దీపావళి కూడా దాటాక ఖాజాగూడకు తిరిగొచ్చాను. ఆటో దిగి వాకిట్లో కాలు పెట్టానో లేదో, కొట్టంలో గంగి అరుస్తోంది. ఆకలికి అరిచే అరుపు కాదది. మెడ ముందుకు చాచి అరిచి, ఆగి, చెవులు నిక్కించి విని, మళ్లీ అరుస్తోంది. నా మూట ఇంకా కింద పెట్టకముందే, మా మేడ మీద కిరాయికి ఉండే జాయ్స్ గబగబా మెట్లు దిగి వచ్చింది. "అవ్వా, రోహిణికి జ్వరం ఇడుస్తలేదు. కడుపుతోని ఉన్నది గద. మీ కొట్టం ముచ్చట ఒకటి అడగాలె" అంది. అక్కడికి ఆపాను.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లుంటే వాళ్ల కోసం నాలుగు ముక్కలు. నా పేరు బుచ్చమ్మ. మా ఆయన రామచంద్రం పోయాక బర్రెలు మా కొడుకు నర్సింహ చేతికి వచ్చాయి. చెరువుకూ బండలకూ నడుమ మాదొక్క కొట్టమే మిగిలింది. చుట్టూ తలెత్తి చూస్తే మెడ పట్టేసే టవర్లు. ఆ టవర్లలోని వాళ్లే మా గిరాకీ. ప్యాకెట్ పాలు వద్దు, మిషన్లో పోసిన పాలు వద్దు, కళ్లముందు పిండిన పాలే కావాలని వస్తారు. కొందరు ఇంటిదాకా కూడా తీసుకుపోరు. స్టీలు గ్లాసు వెంట తెచ్చుకుని, అప్పుడే పొదుగులోంచి దిగిన గుమ్మపాలు, వెచ్చగా, నురగతో సహా అక్కడే తాగేస్తారు. కాచడం లేదు, పొంగించడం లేదు. కాస్తే బలం పోతుందని వాళ్ల ఫోన్లలో ఎవరో చెప్పారట. మావాడికి అది బాగా కలిసొచ్చింది. గేటుకు బోర్డు కూడా పెట్టించాడు, ఒక బర్రె బొమ్మ, ఒక పాప బొమ్మ. ఆ పెయింటరు చేతిచలవ ఏమోగానీ బర్రె నవ్వుతున్నట్టు ఉంటుంది, పాప ఏడుస్తున్నట్టు ఉంటుంది.

రోహిణి పక్క టవర్లో ఉంటుంది. రాయదుర్గం మెట్రో దగ్గర ఆఫీసు. తెనాలి వైపు పిల్ల. పెళ్లయి ఎన్నో ఏళ్లు ఎదురుచూస్తే నిలిచిన కడుపు అది. ఆఫీసు నుంచి నేరుగా మా కొట్టానికే వచ్చేది. "చిన్నప్పుడు మా తాతగారింట్లో గుమ్మపాలు తాగే ఇంత గట్టిగా ఉన్నానండీ మామ్మగారూ! లోపలున్న వాళ్లకి కూడా అలవాటు చేస్తున్నాను" అని కడుపు మీద చెయ్యి పెట్టుకుని నవ్వేది. నురగ పెదవి మీద అలాగే ఉండేది. తుడుచుకోమని నేనే కొంగు అందించేదాన్ని.

ఆ నవ్విన ముఖం ఆ రోజు వాకిట్లో ఆగిన కారు అద్దంలోంచి చూసి గుర్తుపట్టలేకపోయాను. బుగ్గలు జారిపోయాయి. ఒంటినిండా చెమట, పైన శాలువా. ఆమె మొగుడు ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్నాడట. జాయ్సే దగ్గరుండి దవాఖానకు తీసుకుపోయి, ఇటు తీసుకొచ్చింది. జాయ్స్ గచ్చిబౌలిలో ఒక దవాఖానలో నర్సు.

"ఏం జ్వరం బిడ్డా?" అన్నాను.

"అదే తెలుస్తలేదు అవ్వా. డెంగీ కాదు, టైఫాయిడ్ కాదు, మలేరియా కాదు. పొద్దున మంచిగనే ఉంటది, సాయంత్రమైతే కాలిపోతది. కీళ్ల నొప్పులు, నడుము నొప్పి. డాక్టరమ్మ, నేను కూసొని ఇగ అన్నీ అడిగినం. ఏం తిన్నవ్, ఏడికి పోయినవ్ అని. ఆఖరుకు పచ్చిపాల ముచ్చట చెప్పింది."

"పాలకేమైంది?"

జాయ్స్ నా చెయ్యి పట్టుకుంది. "పా అవ్వా, కొట్టంలకు పోదాం. నర్సింహన్న ముందటనే చెప్త. నువ్వు జర నా పక్కనుండు."

పాలు పిండే పొద్దు. గిరాకీ రావడానికి ఇంకా కాస్త టైముంది. మా కోడలు శ్రీలత తవుడు కలుపుతోంది. నర్సింహ బకెట్లు బోర్లిస్తూ నన్ను చూసి "వచ్చినవానే అమ్మా" అన్నాడుగానీ, నా వెనక జాయ్స్‌ని, ఆమె భుజం పట్టుకుని నడిచివస్తున్న రోహిణిని చూడగానే ముఖం మారింది. గంగి అరుస్తూనే ఉంది. దాని పక్కన చుక్క కట్టే గుంజ ఖాళీగా ఉంది.

జాయ్స్ నసగలేదు. "అన్నా, ఒకటే మాట. ఈ నడుమ మన కొట్టంల ఏ బర్రెనన్న ఈసుకపోయిందా?"

ఈసుకపోవడమంటే మీకు తెలియకపోవచ్చు. నెలలు నిండకముందే బర్రె దూడను పారేసుకోవడం. ఆ మాట వినగానే శ్రీలత చేతిలో తవుడు గిన్నె అంచు బకెట్‌కు తగిలి ఠంగుమంది. ఆమె తల ఎత్తలేదు.

"లేదు" అన్నాడు నర్సింహ. "ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలే. అడుగుతున్న. బర్రె అట్ల పారేసుకున్నదంటే కొన్నిసార్లు దాని ఒంట్ల ఒక పురుగుంటది. కంటికి కనబడది. పాలల్ల దిగుతది. పాలు మంచిగ కాస్తే చచ్చిపోతది, పచ్చిగ తాగినోళ్లకైతే ఎక్కుతది. ఇట్లనే సాయంత్రాలు జ్వరమొస్తది, ఇట్లనే చెమటలు పోస్తయి. కడుపుతోని ఉన్నోళ్లకైతే…" అని జాయ్స్ ఆగిపోయింది.

రోహిణి పూర్తి చేసింది. "బిడ్డ నిలవకపోవచ్చటండీ మామ్మగారూ."

చాలా మెల్లగా అంది ఆ మాట. ఆఫీసులో ఎవరికో లెక్క అప్పజెప్పినట్టు అంది.  తొట్టి గోడ పట్టుకున్నాను.

"రక్తం పరీక్షకు పంపిన్రు" అంది జాయ్స్. "అది రావాలంటే టైం పడతది. మందు ఉన్నది. కానీ కడుపుతోని ఉన్నామెకు ఉత్త అనుమానం మీద ఇయ్యాలంటే డాక్టరమ్మ ఎనకముందాడుతున్నది. కొట్టంల గిట్లయిందని తెలిస్తే ఈ పొద్దే షురూ చేస్త అన్నది. గందుకే వచ్చినం. పోలీసులు లేరు, పేపరోళ్లు లేరు. అవునా కాదా, గంతే."

నర్సింహ బకెట్ కింద పెట్టాడు. "ఏందమ్మా, సూదులిచ్చుడు బందు పెట్టి బర్రెల డాక్టరువైనవా? నా ఇంట్ల కిరాయికుండుకుంట నా గిరాకీనే ఖరాబు చేస్తవా?"

"కిరాయి ఇస్తున్న గదన్నా. ఇంటికి ఇస్తున్న. నోరు మూసుకునేటందుకు వేరే కిరాయి ఏమన్న మాట్లాడుకున్నమా?"

వేరే రోజైతే నేను నవ్వేదాన్ని. ఆ పిల్ల నోరు అలాంటిది.

నర్సింహ రోహిణి వైపు తిరిగాడు. "మేడమ్, నేనేమన్న మిమ్మల్ని పిలిచిన్నా? మీరే గిలాస పట్టుకొని వచ్చిన్రు. కాచుకొని తాగున్రి మేడమ్ అని మా శ్రీలత అన్నదా లేదా? వద్దు, గుమ్మపాలే గావాలె అన్నదెవరు?"

"నేనేనండీ" అంది రోహిణి. "నా తప్పు నాదే. మిమ్మల్ని తిట్టడానికి రాలేదు నర్సింహగారూ. మీ మీద కేసు పెట్టడానికి అంతకన్నా రాలేదు. నాకు నిజం కావాలి, అంతే. అవునంటే మందు వేసుకుంటాను. కాదంటే ఇంకోటేదో వెతుక్కుంటాం. మీరు తప్పు చెబితే మేం తప్పు దారిలో వెతుక్కుంటూ ఉంటాం. అంత టైం నా బిడ్డకి లేదండీ."

గంగి మళ్లీ అరిచింది. ఆ అరుపు కొట్టం రేకులకు తగిలి మా అందరి మీద పడ్డట్టయింది. నాకు అప్పుడు తట్టింది. ఇంతసేపూ పాలిచ్చే బర్రె అలా అరుస్తుంటే దాని దూడ ఎక్కడని నేను అడగలేదు.

"నర్సిమ్మా, గంగి దూడేదిరా?"

"సచ్చింది."

"ఎప్పుడు?"

"మొన్న. కడుపు పారుకొని సచ్చింది. నువ్వు పరేషానైతవని ఫోన్ల చెప్పలె."

"చుక్కేది? ఈనిందా?"

"ఈనింది. పెయ్యదూడ. మంచి ధర వచ్చింది, అమ్మిన. మన స్వామి బావకే, తెల్లాపూర్ల." అని ఆగి, ఏదో తట్టినట్టు జేబులోంచి ఫోను తీశాడు. ముఖంలో ధైర్యం వచ్చింది. "అయ్యో, గింత లొల్లి ఎందుకు! ఇగో, మీరే చూడున్రి మేడమ్. చుక్కను బండెక్కించిన పొద్దు తీసిన ఫోటో. పక్కన దూడ కనబడ్తుందా? ఈసుకపోతే దూడెక్కడికెళ్లొస్తది? గంగి మంచిగనే ఈనింది, చుక్క మంచిగనే ఈనింది. ఉన్నవే గీ రెండు పాలిచ్చే బర్రెలు. ఇగ చెప్పున్రి."

జాయ్స్ ఫోటో చూసింది. రోహిణి చూసింది. రోహిణి ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. భయం తీరిన ఊపిరో, దారి మూసుకుపోయిన ఊపిరో చెప్పలేను. రెండూ కావచ్చు.

"సరే అన్నా" అంది జాయ్స్. గొంతు తగ్గింది. "తప్పుగ అనుకోకు. అడుగుడు మా పని." రోహిణి నడుము చుట్టూ చెయ్యి వేసి వెనక్కి తిరిగింది.

"ఏదిరా, నాకు చూపియ్యి" అన్నాను.

"నీకేం కనబడ్తదే అమ్మా, సులోచనాలు లేవు."

"దగ్గర పట్టు."

పట్టాడు. పట్టక తప్పలేదు. బండి మీద చుక్క, నుదుట తెల్ల మచ్చతో. పక్కన దూడ. అప్పుడే పుట్టిన దూడ కాళ్లు వణుకుతున్నట్టు ఉంటాయి, తల పెద్దగా, ఒళ్లు చిన్నగా ఉంటుంది. ఇది మేత రుచి మరిగిన దూడ. అది అలా ఉంచండి, ఎవరైనా కాదు పొమ్మనవచ్చు. దాని మెడలో నల్లదారం ఉంది. దారానికి గవ్వ ఉంది. ఆ గవ్వ అంచు ఒక పక్క విరిగి ఉంది.

ఆ గవ్వ మా ఆయన ఎడ్ల మెడపట్టెడలోది. ఎడ్లు పోయాయి, ఆయన పోయాడు, పట్టెడ చీకిపోయింది. గవ్వలు మాత్రం నా దగ్గర డబ్బాలో ఉండిపోయాయి. మా కొట్టంలో దూడ పుట్టినప్పుడల్లా దిష్టి తగలకుండా ఒకటి కడతాను. చేవెళ్లకు పోయే ముందు రోజు ఆ విరిగిన గవ్వను నా చేత్తో నేనే కట్టాను. చుక్క దూడకు కాదు. అప్పటికి చుక్క ఇంకా చూలుతోనే ఉంది, నెలలు నిండలేదు. గంగి దూడకు కట్టాను.

తల ఎత్తి చూశాను. నా కొడుకు నన్నే చూస్తున్నాడు. చిన్నప్పుడు బడికి పోకుండా బండల మీద దాక్కుని, వాళ్ల నాయన వెతుక్కుంటూ వస్తే నా వైపు ఇలాగే చూసేవాడు. చెప్పకే అమ్మా అని. అప్పుడు నేను చెప్పేదాన్ని కాదు.

వాళ్లిద్దరూ అప్పటికే గేటు దాకా పోయారు. నేను నోరు విప్పకపోతే ఏమీ కాదు. కారెక్కి పోతారు. కాసేపటికి గిరాకీ వస్తుంది, గ్లాసులు నిండుతాయి, బోర్డు మీది బర్రె నవ్వుతూనే ఉంటుంది. మందను ముట్టుకునేవాడు ఉండడు, నా కొడుకును వేలెత్తి చూపేవాడు ఉండడు. ఎవరికి తెలుస్తుంది? గంగికి తెలుసు. అది అరవడం తప్ప ఇంకేం చేస్తుంది?

రోహిణి గేటు పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. నడుము నొప్పికి వంగి, రెండో చెయ్యి కడుపు కింద పెట్టుకుంది. కింద పడిపోతుందేమో అన్నట్టు పట్టుకుంది.

"జాయ్సూ, ఆగు బిడ్డా" అన్నాను. "గీ దూడ చుక్కది గాదు."

"అమ్మా!" అన్నాడు నర్సింహ.

"గీ దూడ గంగిది. మెడల గవ్వ నేను కట్టిందే. ఏం మాయ చేసినవురా? చుక్క దూడేది?"

 మాట్లాడింది శ్రీలత. తవుడు చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. ఆ పిల్ల మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ మొగుడి మాటకు అడ్డు మాట ఆడి ఎరగదు.

"ఇగ చాలయ్యా" అంది అతనితో. తర్వాత నాతో చెప్పింది. "బతుకమ్మ అయిన తెల్లారే అత్తమ్మా. తెల్లారగట్ల చుక్క మూలుగుతుంటే పోయి చూసిన. దూడ సగం బయటున్నది. నేనే పట్టి గుంజిన. అప్పటికే సచ్చున్నది. వెంట్రుకలు గూడ సరిగ రాలేదు. పెంటకుప్ప దగ్గర బొంద పెట్టినం. ఎవ్వలకు చెప్పొద్దన్నడు. నీకు గూడ."

ఎవరికీ చెప్పొద్దనడం వాడు కొత్తగా కనిపెట్టింది కాదు. అది కూడా మీకు చెప్పాలి. మా ఇళ్లలో బర్రె ఈసుకపోతే ఆ మాట పైకి అనరు. పాతిపెట్టి, గడప కడిగి, ఇంకో బర్రె ఈనేదాకా నోరు కట్టుకుంటారు. పైకి అంటే మిగతా చూలు బర్రెలకు కూడా తగులుతుందని భయం. మా అత్త కాలం నుంచీ అంతే. కానీ ఆ కాలంలో ఆ బర్రె పాలు ఇంట్లోనే ఉండేవి, కుండలో పొయ్యి మీద గంటలకొద్దీ ఎర్రగా కాగేవి. నోరు కట్టుకున్నా ఎవరి కడుపూ కాలలేదు. ఇప్పుడు నోరు అలాగే కట్టుకున్నారు, పాలు మాత్రం నేరుగా గ్లాసులోకి పోయాయి.

"గంగి తవుడు పెడితే దింపుతది గని, చుక్క దూడ లేకపోతే పాలు దింపదు గద" అంటోంది శ్రీలత. "గంగి దూడకే బెల్లం రాసి చుక్క ముందట నిలబెట్టిండు. చుక్కతోని నాకిపిచ్చి నాకిపిచ్చి అలవాటు చేసిండు. మేడమ్‌కు పోసింది అవే పాలు."

"ఏ బర్రెవి?" అంది జాయ్స్.

"చుక్కవే. చిక్కగుంటయని రోజు చుక్కవే పోసినం."

రోహిణి ఏడవలేదు. గేటు పక్క రాయి మీద కూర్చుండిపోయింది. నేను పోయి పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఒళ్లు కాలిపోతోంది. నన్ను తోసేస్తుందనుకున్నాను. తోయలేదు. తల నా భుజం మీద వాల్చింది. అదే నాకు ఎక్కువ బాధ అయింది.

జాయ్స్ అప్పటికే ఫోన్లో ఉంది. "మేడమ్, ఉన్నది మేడమ్. అబార్షన్ అయిన బర్రెదే. పాలు కాయకనే తాగింది. ఆ, వస్తున్నం" అంటోంది. ఫోను చెవి నుంచి తీయకుండానే శ్రీలత చేతులు పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ల సందుల్లో గడ్డి కోసుకున్న గాట్లు. "గీ చేతులతోనే గుంజినవా? తొడుగులు లేకుంటనే?"

"తొడుగులు ఏడికెళ్లొస్తయి అక్కా?"

"నువ్వు గూడ పరీక్ష చేపిచ్చుకోవాలె. అన్న గూడ. ఇగ చెప్పకుండ ఉండుడు బందు, ఇన్నవా?" తర్వాత రోహిణి ముందు వచ్చి కూర్చుంది. "డాక్టరమ్మ ఈ పొద్దే మందు షురూ చేస్తదట. బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటుందని పొద్దున చూసినం గద. ఇంక టైం ఉన్నది. లే, పోదాం."

 ఇంక టైం ఉంది. ఆ ముక్క చాలు నాకు.

నర్సింహ గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. బింకమంతా పోయి, ఒక్కసారిగా వాళ్ల నాయనంత ముసలివాడైనట్టు కనబడ్డాడు. "నాకెరుక లేదు మేడమ్" అన్నాడు. "పాలల్ల గిట్లొస్తదని నిజంగ ఎరుక లేదు. నోరు తెరిస్తే పశువుల దవాఖానోళ్లు వచ్చి మందంత పట్కపోతరని భయపడ్డ. నాయన ఇచ్చిన మంద."

రోహిణి లేచి నిలబడి అతని వైపు చూసింది. తిడితే బాగుండుననిపించింది. ఆమె అడిగింది వేరే. ఆ జ్వరంలో మా ఎవరికీ తట్టనిది ఆమెకు తట్టింది.

"ఆ బర్రె ఇప్పుడెక్కడుందన్నారండీ?"



"తెల్లాపూర్ల. స్వామి బావ కాడ."

"ఆయన కూడా ఇలాగే పోస్తారా? పచ్చివి?"

 స్వామి నాకు వరుసకు మేనల్లుడు. తెల్లాపూర్‌లో ఆ పెద్ద పెద్ద గేట్ల కాలనీల పక్కనే కొట్టం. మావాడి బోర్డు చూసి వెళ్లి, ఇంతకు రెండింతల బోర్డు పెట్టుకున్నాడు. అక్కడైతే సాయంత్రాలు కాలనీ పిల్లల్ని వరుసగా తీసుకొస్తారట, బర్రెను చూపించడానికి, గ్లాసుల్లో పోయించడానికి.

"ఫోన్ చెయ్యిరా" అన్నాను. "ఇప్పుడే. నా ముందట."

చేశాడు. స్పీకర్ పెట్టమన్నాను. అవతల నుంచి పిల్లల సందడి, దాని మీద స్వామి గొంతు. "ఏందిరా బామ్మర్ది, చుక్క మీద మనసైందా?"

"బావా, చుక్క పాలు ఎవ్వలకు పోయకు. అది ఈసుకపోయింది. దూడ దానిది గాదు, గంగిది. రోగమున్నట్టుంది. పచ్చిగ తాగితే…"

స్వామి పకపకా నవ్వాడు. "వారీ! రెండు పూటలు బకెట్ నింపుతుందని నీకెవడో చెప్పిండు. అమ్మినంక కడుపు మండుతుందిరా నీకు. రోగమంటే వాపసిస్తననుకున్నవా? నేన్ పిచ్చోన్నా? దూడ దానిదేనా అని నేనడిగితే నువ్వు ఎవల మీద ఒట్టేసినవ్? మా అత్త మీద వేసినవ్! గప్పుడు లేని రోగం గిప్పుడెట్లొచ్చింది?"

నా కొడుకు నన్ను చూడలేకపోయాడు. నా మీద ఒట్టు వేసి అమ్మాడు. సరే, ఆ సంగతి వాడితో తర్వాత తేల్చుకుంటాననుకుని ఫోను లాక్కున్నాను.

"స్వామీ, నేనురా, అత్తను. వాడు చెప్పేది నిజం. ఈడ ఒక పిల్ల…"

"నువ్వు గూడనా అత్తా?" అన్నాడు, బాధపడ్డట్టు. "కన్నతల్లివి, కొడుకు దిక్కే మాట్లాడ్తవ్ గని నా దిక్కు మాట్లాడ్తవా? గంత నిజమైతే ఈడికి రా. వచ్చి చుక్క తల మీద చెయ్యి పెట్టి చెప్పు, గప్పుడు వింట. ఇప్పుడైతే పిల్లలు నిలబడ్డరు, మల్ల మాట్లాడ్త."

పెట్టేశాడనుకున్నాను. పెట్టలేదు. కట్ చేయడం మరిచి జేబులో వేసుకున్నట్టున్నాడు. గుడ్డ రాపిడి, దాని వెనక దూడ మువ్వ, ఎవరో టీచరమ్మ లాంటి గొంతు "లైన్‌లో, లైన్‌లో" అనడం. ఒక చిన్నపిల్ల గొంతు చాలా దగ్గరగా వినిపించింది. "అంకుల్, నాకు ఫస్ట్!"

"స్వామీ! ఒరే స్వామీ!" అని ఫోన్లోకి నేను అరిచాను. నర్సింహ అరిచాడు. రోహిణి కూడా తనకున్న కాస్త ఓపికతో "వినండీ, ఎవరైనా వినండీ!" అని అరిచింది. ఆ సందడిలో మా గొంతులు వాడి జేబు దాటలేదు.

జాయ్స్ రోహిణిని కారెక్కించుకుని దవాఖాన వైపు పోయింది. తెల్లాపూర్ పోదామని నర్సింహ బండి స్టార్ట్ చేశాడు. నేను వెనక ఎక్కి, ఒక చేత్తో వాడి చొక్కా, ఇంకో చేత్తో ఫోను పట్టుకున్నాను. కొట్టం ముందు అప్పుడే గిరాకీ వస్తున్నారు, గ్లాసులతో. గేటుకు అడ్డంగా నిలబడి శ్రీలత వాళ్లకు చెబుతోంది, అందరికీ వినబడేలా, మా ఇంట్లో ఎప్పుడూ పైకి అనని ఆ మాట.

ఖాజాగూడ రోడ్డెక్కగానే ట్రాఫిక్. ఆఫీసులు వదిలిన వేళ, కార్లు కదలవు. హారన్ల మధ్య ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. పాలు పిండే చప్పుడు వినిపిస్తోంది. అది నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన చప్పుడు. ఖాళీ గ్లాసులో మొదట గణగణమంటుంది, నిండుతున్నకొద్దీ మెత్తబడుతుంది, నురగ పైకొస్తే బుసబుసమంటుంది. మెత్తబడింది. బుసబుసమంది.

ఆగిపోయింది.

నేను ఇక్కడ ఆపుతున్నాను. మీరు ఆపకండి. ఇంటికి పోగానే మీ పక్కింట్లో, మీ లిఫ్టులో, మీ ఆఫీసులో గుమ్మపాలని, పచ్చిపాలని సంబరపడేవాళ్లు ఎవరున్నా ఈ ముచ్చట మరిచిపోకుండా చెప్పండి. బుచ్చమ్మ కొట్టంలో గంగి ఎందుకు అరిచిందో చెప్పండి. పాలు కళ్లముందు పిండినవే అయినా పొయ్యి మీద పొంగనివ్వమని చెప్పండి. మా ఇంటి పేరు చెప్పే చెప్పండి, సిగ్గుపడను. నేను ఆ ట్రాఫిక్‌లో ఎంత అరిచినా ఫోన్లోని ఆ చిన్నపిల్లకు వినబడలేదు. మీ గొంతు ఎవరికైనా వినబడవచ్చు.